మంచం పట్టిన పెద్దల ఎముకలు: డి విటమిన్ పొడి చేసే పని, చేయలేని పని

(కర్నూలులో ఆశా కార్యకర్తలతో, ఇళ్లలో పెద్దవాళ్లను చూసుకుంటున్న కుటుంబ సభ్యులతో ఒక వైద్యుడు మాట్లాడిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లు కొంచెం ముందుకు జరగండమ్మా, నా చేతిలో ఉన్నది మీకు కనపడాల.

ఇది డి విటమిన్ పొడి. ఒక గ్రాము పొట్లం. ఇందులో 60,000 యూనిట్లు ఉంటాయి. మంచం పట్టిన అవ్వో తాతో ఉన్న ఇంట్లో గూట్లోనో, ఫ్రిజ్ మీదనో, దిండు కిందనో ఇది కనపడుతూనే ఉంటుంది. ఆ ఇళ్లలో అడిగే మాట కూడా ఒకటే: "వారం వారం పాలల్లో కలిపి పోస్తానే ఉన్నాం సార్, మరి ఎముకలు గట్టిపడలేదేం?" ఈ పూట నేను చెప్పేదంతా ఆ ప్రశ్నకు జవాబే. పొడి కావాల్సిందే. అయితే పొడి సరుకు మాత్రమే తెస్తుంది. కట్టమని చెప్పేది కాలిమీద పడే బరువు. సరుకు ఎంత తెచ్చి పోసినా చెప్పేవాళ్లు లేకపోతే పని జరగదు.

మన పాత మట్టిమిద్దెలు గుర్తున్నాయి కదా. వానలకు ముందు పైన చెడిపోయిన మట్టి గీకేసి కొత్తగా చౌడు పోస్తారు. ఎముకలో కూడా ఏడాది పొడుగునా ఇదే పని నడుస్తుంటుంది. కొన్ని కణాలు పాత ఎముకను గీకుతుంటాయి, వాటి వెనకే ఇంకొన్ని కణాలు కొత్తది పోస్తుంటాయి. మనిషి నడిచినప్పుడు, నిలబడినప్పుడు ఎముక కనపడనంత సన్నగా వంగుతుంది. ఆ వంపును పసిగట్టే కణాలు ఎముక లోపలే ఉన్నాయి. "ఇక్కడ బరువు పడుతోంది, ఇక్కడ పోయండి" అని అవి కబురు పంపుతాయి. మనిషి మంచానికి అతుక్కుపోతే ఆ కబురు ఆగిపోతుంది. గీకే పని జోరుగా సాగుతుంది, పోసే పని మందగిస్తుంది.

ఎంత జోరు అంటారా? నెలసరి ఆగిపోయి కొన్నేళ్లయిన ఆడమనిషికి మామూలుగా ఏడాదికి ఒక శాతం అటూ ఇటూ ఎముక తరుగుతుంది. శరీరానికి బరువే తెలియని అంతరిక్షంలో ఉండే వ్యోమగాములకు తుంటి దగ్గర నెలకే ఒకటి నుంచి ఒకటిన్నర శాతం పోతుంది. వాళ్లు దృఢమైన మనుషులు, మంచి తిండి తింటారు, డి విటమిన్ మాత్రలూ వేసుకుంటారు. అయినా పోతుంది. ఇది మనసులో పెట్టుకోండి. పక్షవాతం వచ్చినవాళ్లకు పడిపోయిన వైపు ఎముకే ఎక్కువ తరుగుతుంది. తర్వాత లేచి నడిచే ప్రయత్నంలో జారినా ఆ వైపే పడతారు, ఆ వైపు తుంటే విరుగుతుంది.

ఇప్పుడు డి విటమిన్ చేసే పని. తిండిలోని కాల్షియాన్ని పేగు పట్టుకోవాలంటే ఇది కావాలి. ఇది తక్కువైతే తిన్న కాల్షియంలో 10, 15 శాతమే ఒంటికి పడుతుంది. సరిపడా ఉంటే 30, 40 శాతం దాకా పడుతుంది. మరీ తగ్గిపోతే పోసిన కొత్త ఎముక గట్టిపడదు, పచ్చి మట్టిలాగే ఉండిపోతుంది. అప్పుడు నడుము, తుంటి, తొడలు లాగుతుంటాయి. మోకాలి కింద ముందుఎముకను బొటనవేలితో నొక్కితే ఉలిక్కిపడతారు. తొడ కండరాలు బలహీనమై కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవలేరు. ఇంట్లోవాళ్లు "వయసు మీద పడింది" అనుకుంటారు. రక్తంలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైము పెరిగి ఉంటే ఈ అనుమానం బలపడుతుంది. వీళ్లకు పొడి నిజంగా పనిచేస్తుంది, కొన్ని నెలల్లో తేడా తెలుస్తుంది.

"ఇంత ఎండ కాసే కర్నూలులో డి విటమిన్ తక్కువేంది సార్?" అని అడుగుతారు. ఎండ ఊరికి కాస్తుంది, లోపలి గదిలో పడుకున్న అవ్వ చర్మానికి తగలదు. పొద్దున 7 గంటల లేత ఎండ ఒంటికి హాయే గానీ, డి విటమిన్ తయారుచేసే కిరణాలు అందులో చాలా తక్కువ. సూర్యుడు పైకొచ్చి మన నీడ మనకంటే పొట్టిగా పడినప్పుడే అవి గట్టిగా దిగుతాయి. తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో చేసిన పరిశోధనలో కూడా 11 నుంచి 2 గంటల మధ్య ఎక్కువ తయారవుతుందని తేలింది. కిటికీ అద్దం ఆ కిరణాలను ఆపేస్తుంది, కాబట్టి అద్దం వెనక ఎంతసేపు కూర్చోబెట్టినా లాభం లేదు. వయసైన చర్మం పడుచు చర్మం తయారుచేసినంతలో సగం కూడా చేయలేదు. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల్లో, దాహమని నోరు తెరిచి అడగలేని మనిషిని ఎండలో పెడితే వడదెబ్బకు ప్రాణం మీదికొస్తుంది. చలికాలంలో 11 గంటలప్పుడు తలకు నీడ ఉంచి, చేతులకూ కాళ్లకూ ఒక పావుగంట ఎండ తగలనివ్వండి, మంచిదే. అయితే మంచం మీదున్నవాళ్లకు ఎండను లెక్కలో వేసుకోకండి. మందు ద్వారానే ఇవ్వాలి.

ఎంత ఇవ్వాలి అన్న దగ్గరే ఎక్కువ పొరపాట్లు జరుగుతున్నాయి, అందుకే ఇక్కడ కాసేపు ఆగుతాను.

చేయించాల్సిన పరీక్ష పేరు 25 హైడ్రాక్సీ విటమిన్ డి. చీటీ మీద ఇదే ఉందా చూసుకోండి. 1,25 అని ఇంకోటి ఉంది, లోపం కనుక్కోవడానికి అది పనికిరాదు. ఫలితం మిల్లీలీటరుకు 20 నానోగ్రాముల కంటే తక్కువైతే లోపం ఉన్నట్టు. కొన్ని ల్యాబులు నానోమోల్స్‌లో ఇస్తాయి, అప్పుడు 2.5తో భాగించి చూడండి. లోపం ఉంటే మన దగ్గర మామూలుగా రాసేది వారానికి ఒక 60,000 పొట్లం, 8 వారాలు. లెక్కేస్తే 4,80,000 యూనిట్లు. అక్కడ ఆపి, చిన్న రోజువారీ మోతాదుకు మారాలి: రోజుకు 800 నుంచి 1000 యూనిట్లు, లావుగా ఉన్నవాళ్లకు, సరిగా ఒంటబట్టనివాళ్లకు డాక్టరు 2000 దాకా రాయొచ్చు. మొదలుపెట్టిన నెలకు రక్తంలో కాల్షియం ఒకసారి, మూడు నెలలకు డి విటమిన్ ఒకసారి చూడాలి.

పొడిని నీళ్లలో కలిపి పరగడుపున ఇవ్వొద్దు. ఇది కొవ్వులో కరిగే విటమిన్. వెన్న తీయని పాలల్లో కలపండి, లేదా అన్నం తిన్న వెంటనే ఇవ్వండి. గ్లాసు అడుగున పొడి మిగిలితే ఇంకో గుక్క పాలు పోసి తిప్పి తాగించండి. మిగిలిపోయేది కూడా మందే.

ఇక జరిగే తప్పులు. మొదటిది, "వారానికి ఒకటి" అని రాసిన పొట్లాన్ని రోజూ పోయడం. చీటీ ఒకరు తెస్తారు, మందు ఇంకొకరు ఇస్తారు, మిగతా మాత్రలన్నీ రోజూ వేసేవే కాబట్టి దీన్నీ రోజూ వేస్తారు. నెలలో 18 లక్షల యూనిట్లు లోపలికి పోతాయి. ఇది ఒంట్లో కొవ్వులో దాక్కుంటుంది, ఆపిన తర్వాత కూడా వారాలు, నెలలు దాని ప్రభావం పోదు. రక్తంలో కాల్షియం పెరిగిపోతుంది. మలబద్ధకం, వాంతులు, ఆకలి చచ్చిపోవడం, విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, ఆ తర్వాత మగత, మాట తడబడటం, చివరికి కిడ్నీ దెబ్బతినడం. మంచం మీదున్న మనిషిలో ఈ లక్షణాలన్నీ ముసలితనం ఖాతాలోకి పోతాయి. అందుకే ఆశా అమ్మలకు నా విన్నపం: పొట్లం మీద పెన్నుతో "ఆదివారం" అని రాయండి, క్యాలెండర్‌లో 8 ఆదివారాలకు సున్నాలు చుట్టండి. పోసినాక సున్నా కొట్టేయమనండి. సున్నాలు అయిపోతే పొట్లాలు కూడా అయిపోయినట్టే.

రెండోది ఇంజెక్షన్. 3 లక్షలు, 6 లక్షల యూనిట్ల సూది ఉంది. "ఒక్క సూదితో ఎముకలు ఇనుమైపోతాయి" అని ఏ పరీక్షా లేకుండా ఊళ్లో వేసేస్తున్నారు, మూడు నెలలకోసారి మళ్లీ వేస్తున్నారు. ఆస్ట్రేలియాలో 2,256 మంది పెద్ద వయసు ఆడవాళ్ల మీద ఏడాదికి ఒకసారి 5 లక్షల యూనిట్లు ఇచ్చి చూశారు, 2010లో ఫలితం వచ్చింది. పోలిక కోసం ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లకంటే వీళ్లే ఎక్కువసార్లు కిందపడ్డారు, ఎక్కువగా ఎముకలు విరగ్గొట్టుకున్నారు. 2016లో స్విట్జర్లాండ్ జ్యూరిక్‌లో అప్పటికే ఒకసారి పడి ఉన్న, 70 దాటినవాళ్లకు నెలకు 60,000 ఇచ్చారు. నెలకు 24,000 తీసుకున్నవాళ్లకంటే ఈ 60,000 వాళ్లే ఎక్కువగా పడ్డారు. దీనికి పూర్తి విరుద్ధంగా 1992లో ఫ్రాన్స్‌లో వృద్ధాశ్రమాల్లో ఉన్న 3,270 మంది ముసలమ్మలకు రోజుకు 800 యూనిట్లు, 1200 మిల్లీగ్రాముల కాల్షియం ఇస్తే ఏడాదిన్నరలో తుంటి విరగడం 43 శాతం తగ్గింది. చిన్న మోతాదు, రోజూ, కాల్షియంతో కలిపి. అందులో ఇంకో సంగతి ఉంది, వాళ్లంతా నడవగలిగినవాళ్లు. వాళ్ల కాళ్లమీద బరువు పడుతోంది, ఇచ్చిన సరుకు ఎముకలోకి చేరడానికి అదీ తోడై ఉండొచ్చు.

లోపమే లేనివాళ్లకు ఇంకా ఇంకా ఇస్తే వచ్చేదేమీ లేదు. అమెరికాలో 25 వేలమందికి పైగా మామూలు ఆరోగ్యవంతుల మీద రోజుకు 2000 యూనిట్లతో చేసిన పరీక్ష 2022లో అదే చూపించింది, ఎముకలు విరగడం తగ్గలేదు.

కాల్షియం గురించి. పెద్దవాళ్లకు రోజుకు 1000 నుంచి 1200 మిల్లీగ్రాములు కావాలి, తిండీ మాత్రా కలిపి. చాలామంది తిండిని లెక్కలోకే తీసుకోరు. 100 గ్రాముల రాగిపిండిలో సుమారు 360 మిల్లీగ్రాములు ఉంటుంది. ఒక సంగటి ముద్దలో పిండి 50 గ్రాములు పడితే 180 వచ్చింది. 200 మిల్లీలీటర్ల గ్లాసుతో రెండు గ్లాసుల పాలు 480 దగ్గర. ఒక కప్పు గట్టి పెరుగు 200. అక్కడికే 850 దాటింది. ఇంకొక 500 మాత్ర ఒకటి చాలు, రెండు అక్కర్లేదు. నీళ్ల మజ్జిగను మాత్రం పెరుగులాగా లెక్కేయకండి. రాగిలోని కాల్షియాన్ని పూర్తిగా పట్టనివ్వని ఫైటేట్ రాగిలోనే ఉంటుంది. నానబెట్టి మొలకెత్తించిన రాగి, పులిసిన అంబలి అయితే అది తగ్గుతుంది. నమలలేనివాళ్లకు అంబలే మింగడానికి కూడా సులువు.

మంచం పట్టిన మొదటి నెలల్లో ఎముకలోంచి కరిగిన కాల్షియం మూత్రంలోకి పోతుంటుంది. దానిమీద మనం మాత్రలు కుమ్మరిస్తే రాళ్లు పడతాయి, మూత్రం గొట్టం ఉన్నవాళ్లకు గొట్టం చివర సున్నంలాగా గట్టిపడి మూసుకుపోతుంది. గుండె, కిడ్నీ జబ్బుతో నీళ్లు తగ్గించమన్నవాళ్లను మినహాయించి, మిగతావాళ్లకు రోజుకు ఒకటిన్నర లీటరన్నా పట్టించండి.

కాల్షియం మాత్రలో కార్బొనేట్ అని ఉంటే అన్నంతోనే వెయ్యాలి, దానికి కడుపులో ఆమ్లం కావాలి. గ్యాస్ మాత్ర పాంటాప్రజోల్ రోజూ వాడేవాళ్లకు కార్బొనేట్ సరిగా పట్టదు, సిట్రేట్ రాయించుకోండి. థైరాయిడ్ మాత్రకూ కాల్షియానికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. ఐరన్ మాత్రతో కలిపి వెయ్యొద్దు.

మన జిల్లాల్లో ఇంకో చిక్కు ఉంది, ఫ్లోరైడ్. అనంతపురం, కడప, కర్నూలు ప్రాంతాల్లో చాలా ఊళ్ల బోరునీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటి ఉంటుంది. ఆ నీళ్లతో ఒంట్లో ఫ్లోరైడ్ పేరుకునే జబ్బు, అంటే ఫ్లోరోసిస్ ఉన్న మనిషి ఎముక ఎక్స్‌రేలో తెల్లగా, దట్టంగా కనపడుతుంది. ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్‌లో కూడా మంచి అంకె వస్తుంది. ఇంట్లోవాళ్లు సంతోషపడతారు. ఆ దట్టం బలం కాదమ్మా. 1990లో అమెరికాలో ఎముక బలానికని ఫ్లోరైడే మందుగా ఇచ్చి చూశారు. వెన్ను సాంద్రత బాగా పెరిగింది, వెన్ను కాక మిగతాచోట్ల ఎముకలు విరగడం మాత్రం ఎక్కువైంది. కాబట్టి ఫ్లోరైడ్ ఊరి మనిషి అయితే స్కాన్ చూసే డాక్టరుకు ఆ మాట చెప్పండి. తాగే నీళ్లు మార్చకుండా మాత్రలు మింగించి లాభం లేదు.

ముక్కు గొట్టంతో తిండి పెడుతున్న ఇళ్లకు రెండు మాటలు. కాల్షియం మాత్ర నలిపి పాలల్లో కలిపి పోస్తే ముద్దకట్టి గొట్టం పూడుకుంటుంది. ద్రవ రూపంలో దొరికే మందు రాయించుకుని, పాలతో కలపకుండా విడిగా ఇచ్చి, ముందూ వెనకా 30 మిల్లీలీటర్ల నీళ్లు పోయండి. డి విటమిన్‌కు చుక్కల మందు ఉంది. సీసా మీద ఒక మిల్లీలీటరుకు 400నా, 800నా చూడండి, రెండూ దొరుకుతాయి.

మూర్ఛ మందులు ఫెనిటోయిన్, కార్బమజెపైన్, ఫెనోబార్బిటాల్, టీబీకి వాడే రిఫాంపిసిన్ డి విటమిన్‌ను త్వరగా ఖర్చు చేసేస్తాయి. పక్షవాతం తర్వాత ఫిట్స్ మాత్రల మీద ఉన్నవాళ్లు ఎందరో. వాళ్లకు మోతాదు ఎక్కువ కావచ్చు. కిడ్నీ బాగా చెడినవాళ్లకు ఈ పొడి ఒక్కటే చాలదు, ఆ లెక్క కిడ్నీ డాక్టరుదే.

ఇప్పుడు అసలైన పని. కాలిమీద బరువు.

ముందు మంచం చూడండి. నవారు మంచం మధ్యలో గుంటపడుతుంది, అందులోంచి లేవడం మనకే కష్టం. పైన చెక్క పలక వేసి పరుపు వెయ్యండి. మంచం ఎత్తు వాళ్ల మోకాలి ఎత్తుకు సరిపోవాలి, మామూలుగా 45 సెంటీమీటర్లు. కింద కడప బండో, బేతంచెర్ల బండో పాలిష్ చేసి ఉంటే తడిపడగానే అద్దంలా జారుతుంది. కాళ్లు ఆనే చోట జారని రబ్బరు చాప వెయ్యండి, గుడ్డ పట్టా వద్దు, అదే జారుతుంది.

మొదటి వారం మంచం అంచున కూర్చోబెట్టడమే. పాదాలు రెండూ పూర్తిగా నేలకు ఆనాలి, వేలాడకూడదు. ఐదు నిమిషాలు, రోజుకు మూడుసార్లు. బీపీ మిషన్ ఉంటే పడుకున్నప్పుడు ఒకసారి, కూర్చోబెట్టిన మూడు నిమిషాలకు ఒకసారి చూడండి. పై అంకె 20 పడిపోయినా, కళ్లు తిరుగుతున్నాయన్నా పడుకోబెట్టేయండి, మర్నాడు ఇంకా నిదానంగా. ఆ తర్వాత ముందొక బరువైన కుర్చీ పెట్టి, దాని వీపు పట్టుకుని లేపడం. నడుముకు గుడ్డ పట్టీ కట్టి దాన్ని పట్టుకోండి. చంకల్లో చేతులు పెట్టి లాగితే భుజం కీలు జారుతుంది, పక్షవాతం వచ్చిన వైపు మరీను. ఒక నిమిషం నిలబడితే చాలు. ఒకటి రెండు, రెండు ఐదు, అలా పెంచుకుంటూ అన్ని పూటలూ కలిపి రోజుకు అరగంటకు చేరాలి. అసలు లేవలేనివాళ్లు పడుకునే పాదాలతో గోడనో, అడ్డం పెట్టిన పలకనో పది లెక్కపెట్టేదాకా గట్టిగా తొయ్యాలి. మోకాళ్లు మడిచి నడుము ఎత్తి దించాలి. దీనివల్ల పోయిన ఎముకంతా తిరిగి రాదు. తరిగే వేగం తగ్గుతుంది, తొడ కండ నిలుస్తుంది. ఆ కండకు మాంసకృత్తులు కావాలి. 50 కిలోల మనిషికి రోజుకు 50, 60 గ్రాములు. ఒక గుడ్డులో 6 గ్రాములే ఉంటుందని తెలిస్తే ఎంత తక్కువ పెడుతున్నామో అర్థమవుతుంది.

ఒక ముఖ్యమైన జాగ్రత్త. పలచబడిన ఎముక విరగడానికి కిందపడనక్కర్లేదు. డైపర్ మార్చేటప్పుడు చంటిబిడ్డకు లేపినట్టు రెండు చీలమండలు ఒక చేత్తో పట్టుకుని పైకి ఎత్తుతారు. ఆ మెలికకు తొడ ఎముక విరిగిపోవచ్చు. ఎత్తొద్దు, దొర్లించండి. అవతలి మోకాలు మడిచి, ఒక చెయ్యి భుజం మీద, ఒక చెయ్యి తుంటి మీద వేసి, ఒంటినంతా దుంగలాగా ఒక్కసారే మీ వైపు తిప్పుకోండి. పాత డైపర్ మడిచి కింద తోసి, కొత్తది పరిచి, అటు తిప్పి లాగండి. ముడుచుకుపోయిన మోకాలిని బలవంతంగా సాగదీయొద్దు. మాట రాని మనిషి తిప్పినప్పుడల్లా ముఖం చిట్లిస్తున్నా, తొడ ఒకవైపే వాచి వెచ్చగా ఉన్నా, ఒక కాలు పొట్టిగా, పాదం బయటికి వాలి కనపడినా, నూనె రాసి మర్దన చెయ్యకండి. కాలు కదలకుండా రెండువైపులా దిండ్లు పెట్టి ఎక్స్‌రేకు తీసుకుపోండి.

ఒకసారి తుంటి విరిగినవాళ్లకు డి విటమిన్‌తో ఆపకూడదు, ఎముక గీకే కణాలను ఆపే మందు కావాలి. వారానికి 70 మిల్లీగ్రాముల అలెండ్రొనేట్ మాత్ర మింగినాక అరగంట నిటారుగా కూర్చోవాలి, లేకపోతే అన్నవాహిక పుండవుతుంది. కూర్చోలేనివాళ్లకు అది రాయకూడదు. వాళ్లకు ఏడాదికోసారి 5 మిల్లీగ్రాముల జోలెడ్రోనిక్ ఆసిడ్ సెలైన్‌లో ఇస్తారు. తుంటి విరిగినవాళ్ల మీద చేసి 2007లో ప్రకటించిన పరీక్షలో దీనివల్ల మళ్లీ విరగడం 35 శాతం తగ్గింది. దానికి ముందు డి విటమిన్ సరిచెయ్యకపోతే రక్తంలో కాల్షియం ఒక్కసారిగా పడిపోయి చేతులు కొంకర్లు పోతాయి. కిడ్నీ పరీక్ష కూడా ముందే చూడాలి. ఆరు నెలలకోసారి చర్మం కింద వేసే డెనోసుమాబ్ ఇంకోటి ఉంది. మొదలుపెడితే తేదీ దాటనివ్వకూడదు, ఆపేస్తే వెన్నుపూసలు ఒకటి తర్వాత ఒకటి నలిగే ప్రమాదం ఉంది.

మీలో ఎవరన్నా అడగండి. ఆ... చెప్పమ్మా.

(సభలోంచి ఒక ఆశా కార్యకర్త: మా ఏరియాలో ఒక పెద్దాయన మూడేళ్లుగా లేవలేదు సార్. ఇప్పుడు నిలబెట్టొచ్చా?)

మంచి ప్రశ్న. నేరుగా నిలబెట్టొద్దు. ముందు తుంటి, మోకాళ్లు, వెన్ను ఎక్స్‌రే తీయించండి, తెలియకుండా పాత విరుపు ఏదన్నా ఉందేమో చూడాలి. డి విటమిన్, కాల్షియం, కిడ్నీ పనితీరు చూపే క్రియాటినిన్ పరీక్ష చేయించండి. మోకాళ్లు ఎంతవరకు సాగుతాయో ఫిజియోథెరపిస్టు చూడాలి. పూర్తిగా సాగకపోతే ఆయన నిలబడడు, నిలబెట్టే ప్రయత్నంలో ఎముక విరుగుతుంది. ఆయనకు కూర్చోవడమే లక్ష్యంగా పెట్టుకోండి. మంచం తలవైపు 30 డిగ్రీలు ఎత్తి రెండు మూడు రోజులు, తర్వాత 60, తర్వాత అంచున, పాదాలు నేలకు ఆనేట్టు. ఆ పాదాల మీద ఆయన చేతులతోనే మోకాళ్లను కిందికి నొక్కమనండి. అంత బరువు పడినా మేలే.